విరిచి చూడని పుస్తకం

మా హైస్కూల్లో పుస్తకాల బీరువా తాళంచెవి ఏడేళ్లుగా నా దగ్గరే ఉంది. తెలుగు మాస్టరుగా దొరకని గౌరవం ఆ తాళంచెవి వల్ల దొరికింది. కళింగపట్నం పోయే రోడ్డు మీద ఉంటుంది మా బడి. పిల్లలు సగం మంది సముద్రం వైపు నుంచి, సగం మంది వరిచేల వైపు నుంచి వస్తారు. శుక్రవారం చివరి పీరియడ్‌లో ఎవరికి నచ్చిన పుస్తకం వాళ్లు చదువుకోవచ్చు, దాని మీద పరీక్ష ఉండదు. ఆ పీరియడ్ నేను పోట్లాడి సాధించుకున్నాను. అది నాకు ప్రాణం.

కథల పుస్తకాలైతే నేను చెప్పకుండానే లాక్కుపోయేవారు. వీళ్లచేత నిజంగా జరిగిన సంగతులూ, స్వీయచరిత్రలూ చదివించాలని పోయిన ఏడాది నాకు బుద్ధి పుట్టింది. ఎంపికకు నా కొలతలు రెండే. పుస్తకం లావుగా ఉండాలి, అట్ట మీది పెద్దమనిషికి మీసాలుండాలి. అలాంటివి వెతికి తీసి, ఒక్కొక్కటీ పైకెత్తి చూపించి, ఇది నేను చదివాను, మనిషి మారిపోతాడు అని చెప్పి పంచాను. అన్నిటికన్నా లావుపాటి ఆత్మకథనైతే రెండుసార్లు చదివానన్నాను. 

నాకు అనుమానం జాస్తి. ఇచ్చేముందు ప్రతి పుస్తకంలోనూ ఇరవయ్యో పేజీ దగ్గర చీపురుపుల్ల ముక్క పెట్టాను. రెండు వారాలకు పుస్తకాలన్నీ తిరిగొచ్చాయి. చాలా బాగున్నాయన్నారు పిల్లలు. పుల్లలు మాత్రం పెట్టినచోటే పడుకుని ఉన్నాయి. ఈ సంగతి స్టాఫ్‌రూమ్‌లో చెప్పి నవ్వుకోవడం నా తెలివితక్కువ. హెడ్మాస్టరుగారిది లెక్కల సబ్జెక్టు. దసరా సెలవుల ముందు శుక్రవారం తానే వచ్చి చూస్తాననీ, అప్పటికీ ఎవరూ చదవకపోతే ఆ పీరియడ్ లెక్కలకు ఇచ్చేద్దామనీ అన్నారు. మెత్తగానే అన్నారు. ఆయన మెత్తగా అన్న మాట వెనక్కి తీసుకోగా నేను చూడలేదు.

ఆ మంట క్లాసులో చూపించాను. చదవకుండా చదివామని చెప్పడం ఎంత తప్పో బెల్లు కొట్టేదాకా చెప్పాను. అందరూ వెళ్లాక తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఆ లావుపాటి పుస్తకం పట్టుకుని నిలబడింది. వాళ్లది ఒడ్డున చేపలు ఎండబెట్టి అమ్మే ఇల్లు. పుస్తకాన్ని మధ్యకు తెరిచి నా ముందు పెట్టింది. పాతకాలపు పుస్తకం. అచ్చయినప్పుడు మడతపెట్టిన కాగితాల అంచులు కొయ్యనేలేదు. నలభయ్యో పేజీ నుంచి చివరిదాకా అతుక్కునే ఉన్నాయి.

"మీరు రెండుసార్లు సదివినానని సెప్పినారు కదా మాస్టారూ. ఎలాగ సదివినారు?"

చెప్పేవి శ్రీరంగనీతులు అంటారు, ఆ సామెత రెండో సగం బళ్లో అనకూడదు. ఆ పిల్ల నన్ను ఎగతాళి చెయ్యలేదు, అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

"మాయమ్మ ఎండుచేపని నడిమికి విరిసి సూడకండా ఎవులికీ ఇవ్వదు. లోపల పచ్చి ఉంటే పక్కన పడేస్తాది. మీరు విరవకండానే ఇచ్చేస్తన్నారు."

మరుసటి శుక్రవారం బీరువా మొత్తం వరండాలో బోర్లించాను. పిల్లలే ఎంచుకోవాలి, పద్ధతి ఆ పిల్ల వాళ్లమ్మది. పుస్తకాన్ని మధ్యకు తెరిచి అరపేజీ చదవాలి. తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలనిపిస్తే ఒక పక్క, లేకపోతే పచ్చి కుప్పలో. మీసాల పెద్దమనుషులు వరసగా పచ్చి కుప్పలో చేరారు, పేజీలే విడని ఆ లావుపాటి ఆత్మకథ అందరికన్నా ముందు. నేను ఎన్నడూ ముట్టని సన్నపాటి పుస్తకాలు పైకి తేలాయి. ఒక నర్సు రాసుకున్న ఆసుపత్రి జ్ఞాపకాలు, పాముల గురించి ఒకటి, ఉద్యోగమంతా రైళ్లలో గడిపిన గార్డు కబుర్లు. పాముల పుస్తకం కోసం చేల వైపు పిల్లలిద్దరు చొక్కాలు పట్టుకున్నారు. బళ్లో దెబ్బలాట చూసి నేను సంతోషించడం అదే మొదలు.

హెడ్మాస్టరుగారు అన్నట్టే వచ్చారు. పిల్లలు తలలెత్తలేదు. ఆయన కాసేపు తిరిగారు గానీ, మూలనున్న పచ్చి కుప్ప చూసి మొహం మార్చుకున్నారు. ఆ లావుపాటి ఆత్మకథను చేతిలోకి తీసుకుని తుడిచారు.

"ఇంత గొప్పోడిని నేల మీద పడేస్తారేటి? నేనీ బళ్లోనే సదివేను. పదో క్లాసులో ఇదే పుస్తకం, ఈ బీరువాలోదే, మొత్తం సదివేను."

క్లాసు నా వైపు చూడలేదు, ఆ పిల్ల వైపు చూసింది. ఆమె వినయంగా లేచి, మా పద్ధతి ప్రకారం మధ్యకు విరిచి అరపేజీ వినిపించమని అడిగింది. ఆయన ఉత్సాహంగా తెరిచారు. పేజీ విడలేదు. ఇంకోటి తిప్పారు, అదీ విడలేదు. చెవులు ఎర్రబడ్డాయి. పిల్లల ముందు ఈ మనిషి పరువు పోతే నా పీరియడ్ పోయినట్టే.

"నేనూ చదవలేదండీ. రెండుసార్లు చదివానని అబద్ధం చెప్పాను" అన్నాను.

ముందు పిల్లలు నవ్వారు. తర్వాత ఆయనా నవ్వారు. ఒక కుర్రాడి దగ్గర స్టీలు స్కేలు అడిగి తీసుకుని, లెక్కల మాస్టరు కాబట్టి గీత గీసినంత తిన్నగా అంచు కోశారు. అరపేజీ పైకి చదివారు. మహానుభావుడు అందులో ఒక మీటింగుకు ఎవరెవరు వచ్చారో చెప్పుకుపోతున్నాడు. ఆయన చదవడం ఆపి, పుస్తకం మూసి, వంగి తన చేత్తోనే పచ్చి కుప్పలో పెట్టారు. పోతూ పోతూ రైలు గార్డు పుస్తకం ఇంకో కాపీ ఉందా అని అడిగారు.

పీరియడ్ మాకే మిగిలింది. ఎవరు ఏ పుస్తకం చదివారో రాసే రిజిస్టరు ఇప్పుడు ఆ పిల్ల రాస్తోంది. అందులో లావుపాటి ఆత్మకథ ఎదురుగా మా మాస్టర్లిద్దరి పేర్లూ ఉన్నాయి. వాటి పక్కన గుండ్రటి అక్షరాలతో, ఇద్దరికీ కలిపి ఒకే మాట రాసింది: చదవలేదు.