అరవై మూడో ఇల్లు

చలపతిరావు ఇరవై రెండేళ్లుగా యూనివర్సిటీలో తాత్కాలిక ఉద్యోగి. ఆ తాత్కాలికంలోనే ఆయనకు జుట్టు ఊడింది, మోకాళ్లు అరిగాయి, షుగరు వచ్చింది. ఉద్యోగం మాత్రం ఖాయం కాలేదు. ప్రొఫెసర్లు పరిశోధన మొదలుపెట్టి ప్రశ్నలు రాస్తారు. అట్టకు కాగితాలు బిగించుకుని, గొడుగు పట్టుకుని, గడప గడపా ఎక్కి జవాబులు తెచ్చేది ఈయన. బీడీలు చుట్టేవాళ్ల దగ్గు, మూలపడ్డ మగ్గాలు, ఎండిన చెరువుల కింద వలసలు, ఇవన్నీ పుస్తకాల కంటే ముందు ఆయన చెప్పులకు తెలుసు. పుస్తకం అచ్చయ్యాక 'సహకరించిన వారందరికీ' అన్న మాటలో ఎక్కడో ఆయన కూడా ఉంటాడు.

తొంభై ఎనిమిది వానాకాలంలో ఆయన్ని మాదాపూర్ పంపించారు. అప్పుడక్కడ గుట్టలు పగలగొట్టి అద్దాల మేడలు కడుతున్నారు. వాటికి కూతవేటు దూరంలో రాళ్లు కొట్టుకు బతికేవాళ్ల బస్తీ, అరవై రెండు గుడిసెలు. నగరం మీద మీదికి వస్తుంటే ఈ మనుషులు ఏమవుతున్నారన్నది ప్రొఫెసర్ భ్రమరాంబగారి పరిశోధన. ప్రశ్నలు నలభై ఆరు. ఏ ఇల్లు అయిందో ఏది కాలేదో మరిచిపోకుండా చలపతిరావు మొదటి వారంలోనే ప్రతి గుడిసె మీదా ఎర్ర పెయింటుతో అంకె వేశాడు. రెండు నెలలకోసారి మళ్లీ అందరినీ అవే ప్రశ్నలు అడగాలి. అడిగీ అడిగీ ఆయనకూ, చెప్పీ చెప్పీ వాళ్లకూ నోళ్లు నొప్పి పుట్టాయి.

ఈ వృత్తిలో ఒక నియమం ఉంది. ఎక్కడా రాయలేదు గాని తిరిగినవాళ్లందరికీ తెలుసు. ఇంటివాళ్లు ఇచ్చిన చాయ్ వద్దంటే వాళ్ల జవాబు కూడా వద్దన్నట్టే. షుగరని చెప్పినా 'మా చేతి చాయ్ తాగడట' అనే అర్థమవుతుంది. అంచేత పదకొండయ్యేసరికి ఆయన కడుపులో అయిదు చాయ్‌లు ఉండేవి. షుగరు మనిషికి అయిదు చాయ్‌లంటే ఏమిటో షుగరు మనుషులకు చెప్పనక్కర్లేదు. మిగతావాళ్లు ఇంట్లో పెద్దలనడిగి తెలుసుకోవచ్చు.

మొదట్లో ఇబ్బంది లేకపోయింది. చుట్టూ ఏనుగుల్లాంటి బండలు, ఏదో ఒకదాని చాటుకు వెళ్లి వచ్చేవాడు. కానీ నెలకో బండ మాయమయ్యేది. ఆయన నడక నెలనెలా పొడుగయ్యేది. ఫిబ్రవరి నెలాఖరుకు కనుచూపు మేరలో ఒక్క బండే మిగిలింది.

ఆ రోజు చాయ్‌లు ఆరయ్యాయి. పరుగులాంటి నడకతో వెళ్లి బండ చుట్టూ తిరగబోతుంటే అవతలి నుంచి దగ్గు వినిపించింది. ఎవరికో జలుబు కాబోలనుకుని మర్యాదకు తనూ దగ్గాడు. అవతల ఇంకో దగ్గు, ఈసారి గట్టిగా. ఈయనా గట్టిగా దగ్గి అడుగు ముందుకేశాడు.

"ఆడనే ఆగు సారూ," అంది గొంతు. "గిది ఆడోళ్ల బండ. దగ్గినమంటె రావొద్దని. నువ్వు సుత దగ్గుకుంట వస్తున్నవేంది?"

గొంతు పద్నాలుగో నంబరు గుడిసె బుచ్చమ్మది. సమ్మెట పట్టి కాయలు కాసిన చేతులు, అంతకంటే పదునైన నోరు ఆమెవి. బండ వెనకున్న ఇద్దరికి కాపలాగా నిలబడి ఉంది. ఆ ఇద్దరూ పకపకా నవ్వడం చలపతిరావు చెవులారా విన్నాడు. వెనక్కి తిరిగి, దూరాన ఉన్న కాలవ దాకా ఎలా వెళ్లాడో, గొడుగు ఎక్కడ పారేసుకున్నాడో ఆయనకే తెలియదు.

గొడుగు బుచ్చమ్మే తెచ్చిచ్చింది. ఆయన తల ఎత్తలేదు.

"పొరపాటైందమ్మా. తెలియక..."

"ఏమైతది తీ. ఆడేం సూస్తివి, బండను సూస్తివి." ఆమె ఎదురుగా కూలబడింది. "ఎన్కట ఏడు బండలుండె సారూ. ఇప్పుడొక్కటే. సుట్టూర మేస్త్రీలు, లారీలోళ్లు. తెల్లారకముందు పోవాలె, లేకుంటె పొద్దుమూకినంక. నడుమ ఆగకపోతె ముగ్గురం కలిసి పోవాలె. గందుకే నీళ్లు తాగుడు బంద్ పెట్టినం."

"ఎండలో రాళ్లు కొడుతూ నీళ్లు తాగరా?"

"తాగితె పోవాలె కద."

చలపతిరావు కాగితాలు తిరగేశాడు. ముప్పై ఒకటో ప్రశ్న: గత నెలలో జబ్బులు. నలభై మంది ఆడవాళ్ల జవాబు ఆయన చేతిరాతలోనే ఉంది, జ్వరం, జ్వరం, జ్వరం.

"జ్వరమని రాయించారు కదమ్మా."

"పోతుంటె మంట లేస్తది, ఎన్కనే చలిజ్వరం వస్తది. జ్వరమే కద, అబద్ధం జెప్పలె. ఎన్ని గిన్నెలు, ఎన్ని కోళ్లు, మొగోడు తాగుతడా, అన్నీ అడిగితివి. గిదొక్కటి అడగకపోతివి. అడగకుంటె మొగోనికి ఎట్ల చెప్తం? ఇయ్యాల నువ్వే దగ్గుకుంట వస్తివి." బండ వైపు చెయ్యి చూపించి అంది, "బేస్తారం గా బండ గూడ పేలుస్తరట. నెలరోజులు ఆపితె సాలు సారూ. గుడిసెల ఎన్క మొగోళ్లు గుంతలు తవ్వుతరు, మేం సుట్టూ గోడలు లేపుకుంటం. రాళ్లు కొట్టెటోళ్లకు రాళ్ల కరువా? పొద్దంత పనాయె. మాపటికే కట్టాలె, గందుకే నెల."

ఇరవై రెండేళ్లలో చలపతిరావు ఎవరి సంగతిలోనూ వేలు పెట్టలేదు. అడగడం, రాసుకోవడం, అంతే. ఆ సాయంత్రం బస్సులో నిలబడి కళ్లు మూసుకుంటే ఏమీ కనిపించలేదు, దగ్గు మాత్రం వినిపించింది.

మర్నాడు పెయింటు డబ్బా తీసుకుని వెళ్లాడు. నంబరు వేసిన ఇళ్లకు ఇరవై గజాలు వదిలి పేల్చాలని పేలుడు మేస్త్రీ ఎల్లేశానికి పైవాళ్ల ఆజ్ఞ ఉంది. ఆ మాట ఎల్లేశమే ఒకసారి చెప్పాడు. చలపతిరావు నాలుగు వైపులా చూసి, రెండుసార్లు దగ్గి, బండ నడుముకు 63 అని అంకె వేశాడు.

బేస్తవారం ఎల్లేశం ఆ అంకె ముందు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"సార్, గీ ఇంట్ల ఎవరుంటరు?"

"అదీ... అప్పుడప్పుడూ ఉంటారు."

"నాకెరుక లేదా సార్, మా అక్క గీ బస్తీలనే ఉంటది. కని ఇంజినీరు అడిగితె ఏం జూపియ్యాలె? కాయితం తెండ్రి. కాయితముంటె నేనెందుకు ముట్టుకుంట?"

కాయితం అంటే భ్రమరాంబగారి సంతకం. చలపతిరావు ఆవిడ గది గుమ్మంలో నిలబడి ఫ్యాను వంక చూస్తూ మొదలుపెట్టాడు.

"మేడం, అరవై మూడో ఇంటి గురించండి."

"అరవై రెండే కదండీ ఉన్నవి?"

"అది ఇల్లు కాదండి. బండండి. ఆడవాళ్లు పొద్దున్నే అక్కడికి వెళ్తారండి."

"నడకకా?"

"కాదండి. కూర్చోవడానికండి."

ఆవిడ కలం ఆగింది. ఆయన చెవులు కాలిపోతుండగా నీళ్లు తాగకపోవడం, మంట, జ్వరం, అన్నీ ఫ్యానుకే చెప్పేశాడు.

ఆవిడ ప్రశ్నల కాగితం తీసి, జబ్బుల ప్రశ్న మీద వేలు పెట్టి, "ఈ ప్రశ్న నేనే రాశానండీ," అంది. "ఆడదాన్నై ఉండి ఇది తోచలేదు నాకు." అధ్యయనం ముగిసేదాకా నంబరు వేసిన కట్టడాలేవీ కదిలించవద్దని కోరుతూ ఉత్తరం టైపు చేయించి సంతకం పెట్టింది. బండను కట్టడమనవచ్చా అని ఆవిడా ఆలోచించలేదు, ఈయనా గుర్తు చేయలేదు.

ఆ నెలంతా ముప్పై ఒకటో ప్రశ్న మళ్లీ అడిగారు. బుచ్చమ్మ అడుగుతుంటే చలపతిరావు గుడిసె బయట వీపు తిప్పి కూర్చుని రాసుకున్నాడు. జ్వరాలు కొట్టేసి కొత్త జవాబులు రాయడానికి కాగితంలో చోటు చాలలేదు. గుంతలు పూర్తయ్యాయి. సాయంత్రాలు గోడ ఒక్కో వరుసే లేచింది. పొద్దంతా సమ్మెట ఎత్తిన చేతులు, మాపటికి రాయి ఎత్తాలంటే ఎన్ని ఎత్తుతాయి?

మార్చి ముప్పై ఒకటికి ప్రాజెక్టు అయిపోయింది. ఉత్తరం గడువూ, చలపతిరావు ఉద్యోగమూ దాంతోనే అయిపోయాయి. మళ్లీ ఏ పరిశోధన వస్తుందో, ఎప్పుడు వస్తుందో. ఆయనకు కావలసిందల్లా వారం రోజుల నిద్ర. గోడ మాత్రం ఇంకా భుజాలెత్తు రాలేదు.

మర్నాడు పొద్దున పాత కాగితాలు అట్టకు బిగించుకుని, ఎవరి తరఫునా కాకుండా మాదాపూర్ బస్సెక్కాడు. వెళ్లేసరికి ఎల్లేశం పక్కన ఇంజినీరు నిలబడి ఉన్నాడు.

"గడువు నిన్నటితో అయిపోయింది కదండీ?" అన్నాడు ఇంజినీరు.

"లెక్కింక ఒడవలేదట సార్," అన్నాడు ఎల్లేశం, ఆకాశం చూస్తూ.

ఇంజినీరు చలపతిరావు వైపు తిరిగాడు. అబద్ధం అలవాటులేని చలపతిరావు అట్ట మీది కాగితాలు తిరగేస్తూ అన్నాడు, "ఒక్క ఇల్లు మిగిలిందండి. ఇవాళ సాయంత్రానికి అయిపోతుందండి."

"సాయంత్రం అంటే సాయంత్రమే," అని ఇంజినీరు వెళ్లిపోయాడు.

ఆ పూట బస్తీ ఆడవాళ్లెవరూ పనికి పోలేదు. గుడిసెల వెనక రాయి మీద రాయి పడుతున్న చప్పుడు. చలపతిరావు బండ పక్క ఎండలో, దూరం నుంచి ఇంజినీరుకు బాగా కనిపించేలా కూర్చున్నాడు. బుచ్చమ్మ కొంగు దులిపి ఎదురుగా కూర్చుంది. మొదటి ప్రశ్న నుంచి ఎత్తుకున్నాడు.

"పేరమ్మా?"

"బుచ్చమ్మ."

"ఇంట్లో ఎంతమంది?"

ఆమె వేళ్లు మడిచి, తాపీగా లెక్కపెట్టింది. "నేను, మా ఇంటాయిన, అత్త, మామ..."

"మామగారు పోయారని పోయినసారి చెప్పారు కదమ్మా."

"పోయిండు. అయినా రాయి. జర మెల్లగ రాయి సారూ, ఇంక మూడు వరుసలున్నయి."