ఆధారం మాస్టారు, అక్క అడిగిన గది

పొగను చూసి నిప్పుందని తేల్చడం పాత తార్కికుల పని. నేను పై వాటాలో అద్దెకున్న ఇంట్లో కింద ఉండే మాస్టారు ఆ తార్కికులకంటే ఒక మెట్టు పైన. నిప్పులో చెయ్యి కాలినవాణ్ణి కూడా పొగ ఏదని అడిగే రకం. ఉద్యోగ పరీక్షల కోచింగ్ సెంటర్లో ఆయన పని ఒకటే. ఒక పేరా ఇచ్చి, రాసినవాడు ఏమంటున్నాడు, దానికి ఏం ఆధారం చూపించాడు, ఆ ఆధారం ఆ మాటను మోయగలదా అన్నది పిల్లలచేత పట్టించాలి. టమాటాలు తాజావే అన్నందుకు బండివాణ్ణి కూడా ఆధారం అడిగాడు. అప్పటినుంచి వీధికంతా ఆధారం మాస్టారే. ఇక భార్యకైతే, చూపించడానికి ఆధారమేమీ లేక తలనొప్పి రావడమే మానేసింది.

నేను తిరిగిన ఊళ్లలో వాదించేవాళ్లు కోకొల్లలు. సంతలో గొంతుతో నెగ్గేవాళ్లు, సభలో సామెతతో నెగ్గేవాళ్లు. వాదం ముగిశాక వాళ్లూ మనుషుల్లా ఇంటికెళ్లి భోంచేసేవాళ్లు. ఈయనకు వాదం ముగియదు.

ఒక మధ్యాహ్నం ఆయన అక్క వచ్చింది. తల్లి పోయాక ఈయన్ని పెంచింది ఆవిడే, హోటల్లో గిన్నెలు తోమి చదివించిందీ ఆవిడే. మోకాళ్లు అరిగి నిలబడలేకపోతుంటే హోటలువాళ్లు మానిపించారు. అక్కడే పడుకునేది కాబట్టి పనితోపాటు నీడా పోయింది. వెనక గది ఖాళీయే కదా, మోకాళ్లు కుదుటపడేదాకా ఉంటానంది. నిన్ను పెంచాను కదరా అంది. ఊరికే తిననులే, కూర్చుని చేసే పనేదైనా చేస్తానంది. మాస్టారు ఆ పూటకి వంటింట్లో సర్దుకోమని, సంగతి రేపు చెబుతానన్నాడు.

మర్నాడు అక్క మాటల్నే ఒక పేరాగా రాసి క్లాసులో ఇచ్చాడు. ఎంత బాగా నడిచిందో మెట్ల మీద ఆయనే నాకు చెప్పాడు, ముఖం వెలిగిపోతూ. పెంచాననడం జాలి పుట్టించే మాటే తప్ప ఆధారం కాదన్నారట పిల్లలు. పని చేస్తాననడం ఆమె వాదానికే ఎదురు తిరుగుతుందట, చేయగలిగితే ఎక్కడైనా చేసుకోవచ్చు కదా. కుదుటపడేదాకా అన్నదానికి గడువే లేదట.

సాయంత్రం అక్కను కూర్చోబెట్టి ఇదంతా విడమరిచాడు. వేరే తమ్ముడైతే కుదరదని ఊరుకునేవాడు. ఈయన ఆ మాట అనలేదు. నీ వాదం నిలబడలేదన్నాడు.

"నేను వాదించలేదురా. అడిగాను," అంది ఆవిడ మోకాళ్లు రుద్దుకుంటూ.

"అడిగినా కారణం చెప్పావుగా అక్కా. చెప్పిన కారణం నిలబడాలి."

"నిలబడలేకే కదరా వచ్చాను."

మాట భలే కుదిరిందక్కా అని మెచ్చుకుని, సంచీ తనే గుమ్మం దాకా మోసిపెట్టాడు. భార్య తలుపు వెనకే ఉండిపోయింది. అక్క గోడలు పట్టుకుంటూ వీధి చివరిదాకా వెళ్లడానికి చాలాసేపు పట్టింది. పాత హోటలు వెనక కట్టెల పాకలో పడుకుంటోందని తర్వాత బండివాడు చెప్పాడు.

ఆ పేరా ఇప్పటికీ ప్రతి బ్యాచికీ ఇస్తున్నాడు. కింద ఎంచుకోమని ఇచ్చే జవాబుల్లో నాలుగోది కొత్తగా చేర్చాడు: ఈమె వాదించడం లేదు, అడుగుతోంది. తెలివైన పిల్లలు కూడా దానికే టిక్కు పెడుతున్నారట. పెట్టినవాళ్లకు మార్కు కోస్తాడు.