మూడో పిలుపు

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నన్ను సిద్దిపేట శివారులోని ఒక రెడీమిక్స్ కాంక్రీటు ప్లాంటుకు డిస్పాచ్ ఇన్‌చార్జిగా పంపారు. ఉద్యోగంలో అదే నా చివరి చోటు. ప్లాంటులో కలిపిన కాంక్రీటును మిక్సర్ బండ్లలో సైటుకు పంపడం, ఏ బండి ఎక్కడుందో కనిపెట్టుకుని ఉండడం నా పని. మేనేజరు తర్వాత డ్రైవర్లకు నేనే పెద్ద.

ఈ పని తెలియనివారికి ఒక సంగతి చెప్పాలి. కలిపిన కాంక్రీటు సుమారు రెండు గంటల్లోపు స్లాబులో పడాలి, ఎండాకాలమైతే ఇంకా ముందే. పైగా పోయడం మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. ఆగితే పాత పోతకూ కొత్త పోతకూ మధ్య అతుకు పడుతుంది. తర్వాత నీళ్లు కారేది అక్కడే. అందుకని సైటు ఇంజనీరు నన్ను తరిమేవాడు, నేను డ్రైవర్లను తరిమేవాణ్ని.

అప్పటికే బండి నడుపుతూ సెల్‌ఫోన్ పట్టుకుంటే జరిమానాలు పెరిగాయి. మా డ్రైవర్లు ఇద్దరు పట్టుబడ్డారు. ఫోన్లు మానిపించి ప్రతి క్యాబినులో రేడియో సెట్టు బిగిద్దామని మేనేజరుకు చెప్పింది నేనే. అనుమతి తీసుకునే పెట్టాం. డాష్‌బోర్డు మీద ఒక పెట్టె, దానికి చుట్టలు తిరిగిన తీగ, తీగ చివర మైకు. మాట్లాడాలంటే మైకు చేతిలోకి తీసుకుని మీట నొక్కి పట్టాలి. ఇది ఫోను కాదు కదా, దీనికి చట్టం అడ్డురాదు అని వాదించాను. చట్టం చదవకుండానే వాదించాను. చాలా ఆలస్యంగా చదివినప్పుడు తెలిసింది. ప్రమాదకరమైన డ్రైవింగు అంటే ఏమిటో చెప్పే సెక్షనులో ఫోను అనే మాటే లేదు, చేత్తో పట్టుకునే సమాచార పరికరం అని ఉంది. మా మైకు అది కాదని ఇప్పుడు నేను ఎవరి ముందూ వాదించలేను.

సెట్లతో పాటు హైదరాబాదు ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. బండి పక్కకు ఆపిన తర్వాతే సెట్టులో మాట్లాడాలని అందులో రాసి ఉంది. డ్రైవర్లందరి చేత సంతకాలు చేయించి ఫైలులో పెట్టాను. నా పద్ధతి మాత్రం వేరే. మూడుసార్లు పిలుస్తాను. మూడో పిలుపుకు పలకకపోతే ఆ డ్రైవరుకు మర్నాడు ట్రిప్పు ఉండదు, ట్రిప్పు డబ్బులూ ఉండవు. లోడు బండిని హైవే మీద పక్కకు తీసి ఆపేలోపే నా మూడు పిలుపులూ అయిపోతాయి. ఆ సంగతి నాకు తెలుసు. కాబట్టి ఎవరూ ఆపేవారు కాదు.

సత్తయ్యది కోహెడ. నలభై దాటిన మనిషి. లారీల మీద చాలాకాలం పనిచేసి మా దగ్గరికి వచ్చాడు. బండికి గీత పడనిచ్చేవాడు కాదు. సెట్టులో త్వరగా పలకడని అతని మీద నాకు కోపం. "ఒక చెయ్యి స్టీరింగుకు, ఒకటి గేరుకు. మైకుకు మూడో చెయ్యి ఏడికెళ్లి తేవాలె సార్?" అని ఒకరోజు అన్నాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. పద్ధతి మార్చలేదు.

ఆ రోజు ప్రజ్ఞాపూర్‌లో ఒక అపార్టుమెంటు స్లాబు. మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. ఒక బండి ఖాళీ అయింది, రెండో బండి సత్తయ్యది, ఇంకా చేరలేదు. సైటు ఇంజనీరు ఐదు నిమిషాలకోసారి ఫోను చేస్తున్నాడు. నేను సత్తయ్యను పిలిచాను, పలకలేదు. మళ్లీ పిలిచాను, పలకలేదు. నిమిషం కూడా ఆగలేదు.

"మూడోసారి పిలుస్తున్న సత్తయ్యా. సెట్టు ఇంట్ల పెట్టొచ్చినవా?"

ఇంకో బండిలోంచి ఎవరో మీట నొక్కి నవ్వారు. ఆ వెంటనే సత్తయ్య పలికాడు.

"చౌరస్తా కాడికి వచ్చిన సార్, ఇగ..."

అంతవరకే వినిపించింది.

ఎడమవైపు నుంచి కల్లు డబ్బాలతో టీవీఎస్ మోపెడ్ మీద ఐలయ్య అనే గీత కార్మికుడు రోడ్డెక్కాడు. సత్తయ్య ఎడమచేతిలో మైకు ఉంది. చూడడం ఒక క్షణం ఆలస్యమైంది, బ్రేకు ఇంకో క్షణం. ఐలయ్య బతికాడు. కాలు రెండుచోట్ల విరిగింది. రాడ్డు వేశారు. ఇక తాటిచెట్టు ఎక్కొద్దని దవాఖానలో చెప్పారట.

ఆ సాయంత్రం నేను రెండు పనులు చేశాను. డిస్పాచ్ రిజిస్టరులో ప్రతి పిలుపూ రాయాలన్నది నియమం. ఆ వేళకు ఎదురుగా 'ఒకసారి పిలిచాను' అని రాశాను. తర్వాత పోలీసు స్టేషనుకు వెళ్లాను. సత్తయ్య బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. అతని బాధ ఒక్కటే, ఉద్యోగం ఉంటుందా పోతుందా అని. కంపెనీవాళ్లు అడిగితే ఎన్నిసార్లు పిలిచానో చెప్పవద్దని, ఉద్యోగం సంగతి నేను చూసుకుంటానని చెప్పాను.

"మీరున్నరు గద సార్, నాకేం రంది" అన్నాడు.

వారం తర్వాత హైదరాబాదు నుంచి సేఫ్టీ ఆఫీసరు వచ్చి విచారణ జరిపాడు. డిస్పాచ్ నుంచి ఎన్నిసార్లు పిలిచారని సత్తయ్యను అడిగాడు. సత్తయ్య నా వైపు చూశాడు.

"యాదికి లేదు సార్."

తర్వాత నన్ను అడిగాడు. నడుస్తున్న బండిలో జవాబు చెప్పాలని ఒత్తిడి ఏమైనా ఉందా అని. లేదన్నాను. సంతకాల కాగితం తీసి చూపించాను. అందులో సత్తయ్య సంతకం ఎక్కడుందో నేనే వేలు పెట్టి చూపించాను. ఆ రోజు సెట్టులో నా మూడు పిలుపులూ విన్న డ్రైవర్లు బయట నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్ల ట్రిప్పులు నా చేతిలో ఉన్నాయి.

సెట్టులో మాట్లాడుతూ ప్రమాదం చేశాడని రాసి సత్తయ్యను తీసేశారు. లైసెన్సు కొంతకాలం సస్పెండయింది. అది తిరిగి చేతికొచ్చాక కూడా, తీసేసిన ఉత్తర్వు సంగతి తెలిసి చుట్టుపక్కల ఏ ప్లాంటూ అతన్ని పెట్టుకోలేదు. ఉద్యోగం చూసుకుంటానన్న నేను మేనేజరుతో ఒక్క మాటైనా అనలేదు. మాట్లాడితే ఆ మూడు పిలుపుల సంగతి బయటికి వస్తుందని భయం.

చేసిన మార్పు ఒక్కటే. ఒకసారే పిలవాలి, డ్రైవరు బండి ఆపి తనంతట తాను పలికేదాకా ఆగాలి అని కొత్త నియమం పెట్టాను. స్లాబులేవీ పాడుకాలేదు. ఆ నియమానికి ఆఫీసు నన్ను మెచ్చుకుంటూ ఉత్తరం పంపింది. అది ఎందుకు పెట్టానో నేను రాయలేదు, వాళ్లు అడగలేదు.

రిటైరయ్యాక ఒకరోజు సిద్దిపేట బస్టాండులో సత్తయ్య కనిపించాడు. నన్ను చూసి లేచి, సీటు చూపించాడు. ట్రాక్టరు కిరాయికి నడుపుతున్నాడట. కాసేపు వానల గురించి మాట్లాడుకున్నాం. హుస్నాబాదు బస్సు రావడంతో సంచీ భుజాన వేసుకున్నాడు.

"ఇప్పుడు ఎన్నిసార్లు పిలుస్తున్రు సార్ ప్లాంటుల?"

ఒక్కసారే అన్నాను.

"మంచిగైంది" అని బస్సెక్కాడు.

బండి నడిపేవాడి చేతిలో మైకు ఉండకూడదని చట్టం అంటుంది. ఆ మైకును అతని చేతిలో పెట్టింది పిలిచేవాడు. నియమం డ్రైవరు సంతకంతో మొదలు కాకూడదు, పిలిచేవాడి సంతకంతో మొదలవ్వాలి. నేను నేర్చుకున్నది ఇది. ఆ రోజు రిజిస్టరు పేజీలో మాత్రం ఇప్పటికీ 'ఒకసారి' అనే ఉంది. ఆ రాత నాది. నేను పిలిచింది మూడుసార్లు.