పిల్లల చేతికి నేనిచ్చిన టేపు

తెనాలిలో రైలెక్కి, రేపల్లెలో దిగి, ఆటో పట్టుకుని సముద్రం ఒడ్డునున్న ఊరికి చేరి, ఏడో తరగతికి సైన్సు చెప్పడం అప్పట్లో నా ఉద్యోగం. కాపీ కొట్టేవాళ్లను పట్టుకోవడంలో నాకు పేరుండేది. పిల్లల ముఖం చూసి అబద్ధం పసిగడతానని నా గర్వం.

ఆ ఏడు భూమి వేడెక్కడం మీద పాఠం వచ్చింది. పుస్తకంలో మంచు మీద నిలబడ్డ తెల్ల ఎలుగుబంటి బొమ్మ. మంచు కరిగితే ఏమవుతుందని అడిగాను.

"చేప మెత్తబడిపోద్దండి," అంది ముందు బెంచీ పిల్ల.

వాళ్లెరిగిన మంచు చేపల పెట్టెలో వేసే ఐసే మరి. ఇక ఎలుగుబంటిని పక్కన పెట్టి, వాళ్ల సముద్రంతోనే చెబుదామనుకున్నాను. బళ్లోని కొలత టేపు వాళ్ల చేతికిచ్చి, తాతల కాలంలో సముద్రం ఎక్కడిదాకా ఉండేదో ఇంట్లో అడిగి, కొలిచి రాసుకురమ్మన్నాను. బాగా రాసినవి బాపట్లలో జరిగే సైన్సు ప్రదర్శనకు పంపుతానని ఆశ కూడా పెట్టాను.

మర్నాడు నోటుబుక్కులన్నిటిలో ఒకటే వాక్యం. "అప్పుడు కూడా సముద్రం ఇప్పుడున్న చోటే ఉండేది." ఒక్క కొలతా లేదు. నాకు ఒళ్లు మండింది. ముందు ఎవరు రాశారో చెప్పమని అందరినీ నిలబెట్టాను. ముందు బెంచీ పిల్ల నేల చూపులు చూస్తోంది. దొంగ దొరికిందనుకున్నాను.

సాయంత్రం వాళ్లింటికి బయల్దేరాను. సముద్రం వైపు అదే చివరి ఇల్లు. దారిలో వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు నన్ను చూసి మాటలాపేశారు. రోజూ పలకరించేవాళ్లు నా సంచీ వంక చూస్తున్నారు. ఊరంతా కలిసి నా దగ్గర ఏదో దాస్తోందనిపించింది.

ఆ పిల్ల మామ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. కూర్చోమనలేదు.

"నిన్నెవరు పంపారమ్మా?"

"పంపడమేంటి మామ్మా? అది పాఠం."

"పాఠానికి టేపెందుకు? ఇంతకుముందు టేపు పట్టుకొచ్చిన సర్కారోళ్లూ నవ్వుతానే వచ్చారు. కొలిచి, పక్కింటోళ్ల గోడకి ఎర్ర గుర్తేసి పోయారు. సముద్రానికి దగ్గరంట, ఖాళీ చెయ్యాలంట. పడవ ఎక్కడ కట్టుకోవాలో మాత్రం చెప్పలేదు. వాళ్లిప్పుడు నగరం మండలంలో పొలం పనులకి పోతన్నారు."

ఏం చెప్పినా నమ్మేలా లేదు. సంచీ ఆమె ముందు బోర్లించాను. టిఫిన్ బాక్సు, మంచినీళ్ల సీసా, దిద్దాల్సిన నోటుబుక్కులు పడ్డాయి. ఆమె ఒక్కొక్కటీ తిప్పి చూసి, లేచి, నన్ను ఒడ్డుకు తీసుకెళ్లింది.

నీళ్లు వెనక్కి తగ్గి ఉన్నాయి. మోకాలి లోతులో నల్లగా, గుండ్రంగా ఒక సిమెంటు అంచు కనిపించింది. బావి ఒర.

"కాపరానికొచ్చిన కొత్తలో నేను మంచినీళ్లు తోడింది ఇందులోనేనమ్మా. ఇంటింటికీ పోయి, పిల్లలతో ఈ మాట రాయించొద్దని, సముద్రం ఉన్నచోటే ఉందని రాయించమని చెప్పింది కూడా నేనే. రాశారంటే తరవాత గుర్తు పడేది మా గోడకే. మా పిల్ల చేతిరాత చూపించే మమ్మల్ని ఇక్కణ్ణించి లేపేస్తారు."

నాకు సిగ్గేసింది. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు రైల్లో ఆ నోటుబుక్కులు మళ్లీ తీసి చూశాను. అంత నీటుగా, తప్పుల్లేకుండా వాళ్లెప్పుడూ రాయలేదు.

మర్నాడు తలుపు వేసి, ఎవరూ పెన్ను ముట్టుకోవద్దని చెప్పి, నోటితో చెప్పమన్నాను. ముందెవరూ నమ్మలేదు. కాసేపటికి ముందు బెంచీ పిల్ల లేచి బావి సంగతి చెప్పింది. తర్వాత ఇంకొకరు నీళ్లలో పోయిన సరుగుడు చెట్ల సంగతి, మరొకరు బాబాయి ఇంటి అరుగు సంగతి. సముద్రం ఎందుకు పైకొస్తోందో నేను చెప్పాను. ఆ ఏడు అంత శ్రద్ధగా విన్న పాఠం ఇంకొకటి లేదు.

నోటుబుక్కుల్లోని ఆ ఒక్క వాక్యానికీ ఎర్ర సిరాతో రైటు కొట్టాను. అది అబద్ధమని క్లాసులో అందరికీ తెలుసు.

బాపట్లకు మాత్రం ఎలుగుబంటి బొమ్మ వేయించి పంపాను. దాని ఇల్లు కరిగిపోతోందని పిల్లలు కింద పెద్ద పెద్ద అక్షరాలతో రాశారు. ఆ మాట రాయడానికి ఎవరూ భయపడలేదు.