మంచు మీద పిల్ల, విరిగిన చాయ్

మొన్న మా మనవరాలు ఫోనులో, బూట్ల కింద ఇనుప పట్టీలు బిగించుకుని మంచు మీద తిరిగే అమ్మాయిని చూపించి, ఇట్లాంటిది ఎప్పుడన్నా చూసినవా నానమ్మా అని అడిగింది. చూశాను, సగమే చూశాను. మిగతా సగం దక్కనివ్వని మనిషి మీద నా కోపం ఇవాళ్టికీ పచ్చిగానే ఉంది.

ఎనభైల్లో మాట. గౌలిపురలో మాది పాలమ్మే ఇల్లు, నేను కొత్త కోడలిని. పక్క వాడ ఛత్రినాకలో, కోస్తా నుంచి వచ్చిన ఒక ఆఫీసరు ఇంటికి సాయంత్రం పాలు పోయడం నా పని. వాళ్లింట్లో టీవీ ఉండేది. ఆ చలికాలం ఎక్కడో విదేశంలో జరిగే మంచు ఆటల పోటీలు రోజూ కాసేపు చూపించేవాళ్లు. నాకు బరఫ్ అంటే, తురిమి రంగునీళ్లు పోసి అమ్మే గోలా బండి మీద రంపపు పొట్టులో పెట్టే మంచు దిమ్మె. దాని మీద ఒక పిల్ల గాలిలోకి ఎగిరి, గిరగిరా తిరిగి, ఒంటికాలి మీద దిగుతోంది! పాలచెంబు పక్కన పెట్టి గడప దగ్గరే కూలబడ్డాను. మర్నాడూ అంతే. గెలుపు తేల్చే ఆట ఇంకొకటి మిగిలి ఉండగా, ఆ పిల్ల మార్కుల కోసం ఎదురు చూస్తూ కూర్చుంది, నేనూ ఊపిరి బిగబట్టాను. అప్పుడే ఆఫీసరు భార్య, ఇంటికొచ్చిన చుట్టాల ముందు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, “పేడ కంపు కొడుతున్నావు, బయటికెళ్లు. రేపట్నుంచి గేటు దగ్గరే పోసి వెళ్లు” అంది. చుట్టాలు నవ్వారు. మా గేదె పాలకి లేని కంపు నాకెక్కడిదని అడగాలని ఇల్లు చేరాక గానీ తోచలేదు.

మా అత్తమ్మ నన్ను రోజూ ఏదో ఒకటి అనేదే. బరఫ్ మీద ఎగిరేదాన్ని చూస్తే నీకేమొస్తదని అప్పటికే చీవాట్లు పెట్టింది. నా ఏడుపు విని మాత్రం నేరుగా కొట్టంలోకి వెళ్లి చెంబుతో పాలు తెచ్చింది. గేదె ఈని నాలుగైదు రోజులైంది. జున్నుపాలు ఇంటింటికీ ఊరికే పంచడం మా ఆనవాయితీ. అప్పటికి ఆ పాలు చూడ్డానికి మామూలుగానే ఉన్నాయి గానీ, పొయ్యి మీద పెడితే ఇంకా గడ్డ కడుతున్నాయి.

“రేపు ఆమెకు గీ పాలే పొయ్యి. జున్నుపాలని చెప్పకు,” అంది.

మర్నాడు పోసి గేటు దగ్గరే నిలబడ్డాను. లోపల ఆఖరి ఆట మొదలవుతోందని టీవీ చెబుతోంది, చుట్టాలు చాయ్ కోసం చూస్తున్నారు. వంటింటి కిటికీలోంచి కనిపిస్తోంది, గిన్నె నిండా ముద్దలు. ఆమె అది పారబోసి ఇంకో గిన్నె పెట్టింది, అదీ అంతే. ఆఫీసరు విసుక్కున్నాడు, చుట్టాలు చాయ్ లేకుండానే లేచారు. ఆమె చెమటలు కక్కుతూ హాల్లోకి వచ్చేసరికి టీవీలో వార్తలు వస్తున్నాయి. నేరుగా నా దగ్గరికొచ్చి ఇవేం పాలని నిలదీసింది.

“జున్నుపాలమ్మా. పైసలొద్దు, ఊరికే ఇచ్చిన,” అన్నాను.

జున్నుపాలు ఇచ్చినవాళ్లతో ఆ వాడకట్టులో ఎవరూ పేచీ పెట్టుకోరు. ఆమె గేటు వేసుకుని గబగబా లోపలికి వెళ్లింది. ఆ వెళ్లడం చూసి నా కడుపు చల్లబడింది.

ఎవరు గెలిచారో నాకు తెలియదు. ఆమె చనిపోయిందని తర్వాతెప్పుడో విన్నాను, పాపం అనుకుందామని చూశాను, మనసు రాలేదు. గడిచిన ఏళ్లు నా దగ్గర్నుంచి ఏమేమో పట్టుకుపోయాయి. ఆ కోపాన్ని మాత్రం నేను ఇవ్వలేదు.