అడగ్గానే తగ్గిన ధర

నా చిన్నప్పుడు మా ఇంట్లో అనుమానాల పుట్ట అంటే మా అమ్మమ్మే. పాలల్లో నీళ్ల మీద అనుమానం, తూకం రాళ్ల మీద అనుమానం. పామర్రు బజారులో ఆమె కనబడితే చాలు, వంకాయలమ్మే ముసలమ్మ ముందే నెత్తి కొట్టుకునేది. అలాంటి మనిషి మందుల షాపులో మాత్రం అడిగినంతా ఇచ్చి వచ్చేది. మందుకు బేరమాడితే అది ఒంటికి పట్టదని ఆమె నమ్మకం.

మా తాతయ్యకు ఆయాసం. బెజవాడ పటమటలో ఒక డాక్టరుగారు మాత్రలు రాసిచ్చారు. ఆ రాత ఆయన ఆస్పత్రి కింద ఉన్న షాపువాడికి తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. రోజూ వేసుకోవలసిన మాత్రను తాతయ్య ఖరీదుకు భయపడి రోజు విడిచి రోజు వేసుకుంటున్నాడు. నాలుగడుగులు వేయలేక అరుగు మీద కూలబడిన రోజున ఆ సంగతి బయటపడింది. అమ్మమ్మ ఏడ్చింది, తిట్టింది, మర్నాడు నన్ను వెంటబెట్టుకుని బెజవాడ బస్సెక్కింది.

షాపతను మాత్రల అట్టను కత్తిరించి, ధర అచ్చువేసిన కొసను తన దగ్గరే ఉంచుకుని మిగతాది మా ముందు పెట్టాడు. అమ్మమ్మ తన నమ్మకాన్ని పక్కనపెట్టి, "కాస్త తగ్గించు బాబూ" అంది. అతను తలెత్తకుండానే సగానికి సగం తగ్గించాడు. నేను ఎగిరి గంతేశాను. అమ్మమ్మ మొహం మాత్రం నల్లబడింది.

"వంకాయలామె పావలా తగ్గించడానికే గంటసేపు ఏడుస్తది గదా! ఈయన కిక్కురుమనకుండా సగం వదిలేశాడంటే అసలు ధర ఎక్కడున్నట్టు?" అంది, అందరికీ వినబడేలా. మా వెనక చంటిబిడ్డతో ఒకామె కొంగుముడి విప్పుతోంది. అమ్మమ్మ ఆమె వైపు తిరిగి, "నువ్వూ అడుగమ్మా, మందుకేం కాదు" అంది. షాపతను అప్పుడు తలెత్తి చూశాడు.

ఆ రోజు నుంచి తాతయ్య మాత్ర మానలేదు. కాలవగట్టు దాకా నడిచి వచ్చేవాడు. అసలు ధర ఎంతో మాత్రం అమ్మమ్మకు చివరిదాకా తెలియలేదు.

ఇప్పుడు నా బీపీ మాత్రలు మా కోడలు ఫోన్లో తెప్పిస్తుంది. ఎక్కువ ధర కొట్టేసి పక్కన తక్కువ ధర చూపిస్తే మురిసిపోతుంది. నాకు ఒళ్లు మండుతుంది. ఆ కొట్టేసిన అంకె ఎవరు వేశారు, ఎందుకు వేశారు? అందుకే ఓపికున్న రోజున షాపుకే వెళతాను. ధర ఉన్న కొస కూడా ఇమ్మంటాను, బేరమాడతాను. తగ్గించగానే సంచీ సర్దుకుని వచ్చేయను. వెనక ఎవరున్నారో చూసి, "మీరూ అడగండి" అంటాను.