రెండు పొరల ఉయ్యాల

మా ఇంటాయన కొనుగోలు కేంద్రంల వడ్ల కుప్పకు కావలి పండుకునే రోజులవి. చెట్లకు కట్టుకునే గుడ్డ ఉయ్యాల ఒకటి ఆయనకు కొందామని సూర్యాపేట బస్టాండ్ల బేరం చేస్తున్న. ఒంటి పొరదైతే కిందికెల్లి దోమ కుడ్తది, రెండు పొరలదైతే కుట్టదన్నడు అమ్మేటాయన. నేను రెండు పొరలదే పట్టుకున్న.

కోదాడ బస్సు కోసం పక్కన కూసున్న ఒకామె దాన్ని నా చేతులకెల్లి తీసి, మళ్ల అమ్మేటాయన భుజం మీదనే ఏసింది.

"ఒంటిదే తీస్కపో అక్కా. మొగడు సుఖంగ పండుకోవాలెనని నాకూ ఉండె. గిదే కొనిచ్చిన. దోమ ముట్టలే, మంచిగ నిద్రవట్టింది. వానొస్తే లేచి వడ్ల మీద పట్టా కప్పాలె గదా, లేవనే లేదు. తెల్లారేసరికి వడ్లన్ని వాన నీళ్లకు కొట్టుకపోయి మోరీల పడ్డయి."

"ఇప్పుడెట్లున్నడు?"

"ఇప్పుడు ఇంట్ల మంచం మీద గూడ నిద్రపోడు."

ఆమె బస్సొచ్చింది, పోయింది. నేను ఒంటిదే తెచ్చిన.

మర్నాడు పొద్దుగాల సద్ది తీస్కపోతే, ఆయన వీపు నిండ దద్దుర్లు. "రెండు పొరలది దొర్కలేదానే?" అని అడిగిండు.

"దొర్కలే" అన్న.

వడ్లు కాంట మీద తూకం అయ్యేదాక రోజూ ఆ వీపుకు కొబ్బరినూనె రాసిన. ఒక్క చినుకు పడలే.